టీబీ క్రిమి మీద మొక్కల పదార్థాలు: ప్లేట్‌లో పనిచేసేది మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోతోంది?

సాక్స్‌లెట్_కష్టాలు (ఉప్పల్)
అందరికీ నమస్తే. ఎంఫార్మసీ రెండో సంవత్సరం, ప్రాజెక్టు టీబీ మీద పనిచేసే మొక్కలు. గైడ్ గారు మూడు ఇచ్చారు, అడ్డసరం ఆకు, నేలవేము మొత్తం మొక్క, చిత్రమూలం వేరు. నీడలో ఆరబెట్టి పొడి కొట్టి సాక్స్‌లెట్‌లో మిథనాల్‌తో తీసి రోటావాప్‌లో చిక్కబెట్టా, అక్కడిదాకా బానే ఉంది. మా కాలేజీలో అసలు టీబీ క్రిమిని పెంచే గట్టి భద్రతున్న బీఎస్ఎల్-3 ల్యాబ్ లేదు కదా, అందుకని దాని చుట్టం స్మెగ్మాటిస్ మీద రెసాజురిన్ అనే రంగుతో టెస్ట్ చేస్తున్నా. 96 గుంటల (వెల్స్) ప్లేట్, రంగు నీలంగానే ఉండిపోతే క్రిమి చచ్చినట్టు, గులాబీకి తిరిగితే బతికున్నట్టు. సమస్య ఏంటంటే అడ్డసరం వరసలో క్రిమి అసలు వేయని వెల్ కూడా గులాబీ అయిపోతోంది. కంటామినేషనేమో అని మీడియం అంతా కొత్తది చేసి మళ్లీ పెట్టా, మళ్లీ అదే గులాబీ. ఎవరికైనా ఇలా అయిందా?

ఇంకోటి జనరల్ డౌట్. పేపర్లు వెతికితే ప్రతి మొక్కా టీబీని చంపేస్తుందనే ఉంది, తులసి, వెల్లుల్లి, పసుపు, ఏదీ వదల్లేదు. మరి ఇన్నుంటే మందుల షాపులో ఒక్క టాబ్లెట్ కూడా ఎందుకు లేదు? వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు.

పాత_కాలమ్ (తార్నాక)
బాబూ, సర్వీసంతా మొక్కల పదార్థాలు విడదీసే సిలికా జెల్ కాలమ్‌ల ముందు నిలబడి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదువు.

ముందు నీ గులాబీ. రెసాజురిన్ క్రిమిని చూసి రంగు మారదు, దానికి ఎలక్ట్రాన్లు ఎవరిచ్చినా మారుతుంది. బతికున్న క్రిమి ఇస్తుంది, నీ ఆకులో ఉన్న పాలీఫినాల్స్ కూడా ఇస్తాయి. మిథనాల్‌లో తీసినప్పుడు టానిన్లు గంపెడు దిగుతాయి, అవే నిన్ను ఏడిపిస్తున్నాయి. ఎక్స్‌ట్రాక్ట్‌ని ఒకసారి పాలిఅమైడ్ కాలమ్ మీదుగా పంపు, టానిన్లు అక్కడ పట్టుకుపోతాయి. అప్పటికీ అనుమానంగా ఉంటే రంగుని నమ్మడం మానేసి ప్రతి వెల్ నుంచి తీసి అగార్ మీద పూసి కాలనీలు లెక్కపెట్టుకో. పనెక్కువే, కానీ కాలనీ అబద్ధం చెప్పదు.

ఇక పేపర్ల సంగతి. పేపర్‌లో "యాక్టివిటీ ఉంది" అని కనబడగానే ఎంఐసీ, అంటే క్రిమి పెరగకుండా ఆపే కనీస మోతాదు, ఎంతో చూడు. టీబీ మందులు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ అయితే ల్యాబుల్లో అందరూ వాడే టీబీ క్రిమి రకం హెచ్37ఆర్‌వీ స్ట్రెయిన్ మీద మిల్లీలీటరుకి ఒక మైక్రోగ్రాము కంటే బాగా తక్కువలోనే పనిచేస్తాయి. ముడి కషాయానికి 100 మైక్రోగ్రాముల లోపు వస్తే "పర్లేదు, లోపల ఏదో ఉంది" అనుకోవచ్చు, విడదీసిన శుద్ధ పదార్థమైతే 10 లోపు రావాలి. నువ్వు చదివిన వాటిలో సగం పేపర్లు 500, 1000 దగ్గర కూర్చుని గెలిచామంటున్నాయి. ఆ మోతాదులో చాలా వస్తువులు ఏదో ఒక క్రిమిని చంపుతాయి, దానికి మొక్క గొప్పేం లేదు.

పసుపు గురించి అడగకముందే చెప్తున్నా. కర్క్యుమిన్ దానంతటదే వెలుగుతుంది, కనబడ్డ ప్రోటీన్‌కల్లా అతుక్కుంటుంది, నీళ్లలో నిలవదు, అందుకే ఏ టెస్ట్ పెట్టినా పాజిటివ్ చూపిస్తుంది. 2017లో మెడిసినల్ కెమిస్టులు దీని మీదే పెద్ద సమీక్ష రాసి, ఇది మందుకి పనికొచ్చే అణువు కాదని తేల్చి పారేశారు.

నీ చిత్రమూలం వేరే కథ. అందులో ప్లంబాజిన్ నిజంగానే టీబీ క్రిమిని తక్కువ మోతాదులోనే ఆపుతుంది. కానీ అది మన కణాల్ని కూడా అంతే సులువుగా చంపుతుంది. ఆ వేరు నూరి చర్మం మీద పెడితే పొక్కులొస్తాయి, గ్లవ్స్ లేకుండా పట్టుకోకు. క్రిమిని చంపే మోతాదుకీ మన కణాన్ని చంపే మోతాదుకీ కనీసం పది రెట్లు తేడా ఉంటేనే ఎవరైనా ముందుకెళ్తారు. ప్లంబాజిన్ ఆ తేడా దగ్గరే చతికిలబడింది.

ఆటోనగర్_షాపు (వనస్థలిపురం)
అన్నా నేను సైన్స్ మనిషిని గాదు, స్పేర్ పార్ట్స్ దుకాణం నాది. మా చిన్నాయనకు టీబీ అని తేలింది, సర్కారు దవాఖానల గోలీలు మొదలువెట్టిన్రు, పొద్దుగాల పరిగడుపున నాలుగు ఏసుకుంటడు. రెండో నెల నడుస్తున్నది. దగ్గు తగ్గింది, రాత్రి జరం వోయింది, మంచిగ తింటుండు. గిప్పుడు బేగంబజార్ దిక్కు ఒకాయన కలిసి గోలీలు బంద్ జెయ్యి, మా పొడి వాడు, మూడు నెలలల్ల మొత్తానికే పోతది, అండ్ల అడ్డసరం, తిప్పతీగ, పిప్పళ్లు ఉన్నయ్ అని చెప్పిండంట. చిన్నాయనకు ఉచ్చ ఎర్రగ వస్తుంటె బుగులువడి గోలీలల్లనే ఏదో ఉన్నదంటుండు. మీరేమో మొక్కలల్ల మందు ఉన్నదని రాస్తున్నరు, మరి ఆ పొడి ఇస్తె ఏమైతది జర చెప్పున్రి.

ఛాతీ_డాక్టర్ (నల్లకుంట)
అన్నా, పై చర్చ ల్యాబ్ గురించి, మీ చిన్నాయన గురించి కాదు. దయచేసి గోలీలు ఆపనివ్వకండి.

ఆ ఎరుపు రిఫాంపిసిన్ రంగు. మందే ఎర్రగా ఉంటుంది, అందుకే మూత్రం, చెమట, కన్నీళ్లు కూడా నారింజ రంగుకొస్తాయి. రంగు రావడం అంటే మందు ఒంట్లోకి వెళ్లిందని, భయపడక్కర్లేదు.

దగ్గు తగ్గిందంటే త్వరత్వరగా పెరిగే క్రిములు చచ్చాయి. అసలు మొండివి నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి, వాటి కోసమే మొత్తం ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు. ఇప్పుడు ఆపితే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి, ఈ మందులకి లొంగని రకం తయారయ్యే ప్రమాదమూ ఉంది, అప్పుడు ట్రీట్‌మెంట్ ఇంకా కష్టం, సైడ్ ఎఫెక్ట్స్ ఇంకా ఎక్కువ.

గోలీలు వేసుకుంటూ పక్కన ఆ పొడి కూడా వద్దు. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద భారం వేసేవే. దాని మీద ఏముందో తెలియని పొడి పడితే, రేపు కళ్లు పచ్చబడితే దేనివల్ల అయిందో మాకు తెలీదు, మేము టీబీ మందులు కూడా ఆపాల్సొస్తుంది. తిప్పతీగ మనం మంచిదనే అనుకుంటాం, కానీ కోవిడ్ టైమ్‌లో అది వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై డాక్టర్లు రిపోర్ట్ చేశారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు అది వేరే సంగతి. లేబుల్ లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కూడా మాకు కొత్త కాదు, స్టెరాయిడ్ పడితే రెండ్రోజులు హుషారుగా ఉంటుంది, లోపల టీబీ పండగ చేసుకుంటుంది.

వాంతులు, అసలు తిండి సహించకపోవడం, కళ్లు పసుపు, వీటిలో ఏదొచ్చినా అదే రోజు దవాఖానకి తీసుకెళ్లండి. ఇంకోటి, నిక్షయ్ పోషణ్ అనే సర్కారు పథకం కింద నెలకి 1000 రూపాయలు (2024 నవంబర్ దాకా 500 ఉండేది) ఆయన బ్యాంకు ఖాతాలో పడాలి, పడుతున్నాయో లేదో అడగండి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు పెట్టండి, పొడికి పెట్టకండి.

మోడరేటర్
"గ్యారంటీ టీబీ చూర్ణం" అని ఫోన్ నంబర్‌తో వచ్చిన పోస్టు తీసేశాం. మళ్లీ పెడితే ఐడీ బ్లాక్ అవుతుంది.

మిరియాల_పాలు (కూకట్‌పల్లి)
డాక్టర్ గారూ ఒప్పుకుంటా గానీ మొక్కల నుంచి ఏమీ రాలేదంటే నేనొప్పుకోను. మిరియాల్లో పైపరిన్ కలిపిన టీబీ టాబ్లెట్ మన దేశంలోనే వచ్చింది కదా, జమ్మూ వాళ్లది, నేను న్యూస్‌లో చూశా. అంటే రోజూ మిరియాల పాలు తాగితే మందు డోస్ తగ్గించొచ్చన్నట్టేగా?

పాత_కాలమ్ (తార్నాక)
మొదటి మాట నిజం, రెండోది ప్రమాదం.

జమ్మూలో ఉన్న సీఎస్ఐఆర్ వాళ్ల ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐఐఎం, కాడిలా ఫార్మా కలిసి తెచ్చింది రిసోరిన్ అని, 2009లో వచ్చింది. అందులో రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియజిడ్ 300, పైపరిన్ 10. మామూలుగా 450 వేసే రిఫాంపిసిన్‌ని 200కి దించారన్నమాట. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటు ఇన్ని మందుల్లో ఎందుకు పడుతుందని తవ్వుకుంటూ పోతే అక్కడ తేలింది పైపరిన్. అది మన పేగు గోడల్లో మందుని తిరిగి బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీన్‌ని, లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని అడ్డుకుంటుంది, దాంతో మింగిన దాంట్లో ఎక్కువ భాగం రక్తంలోకి చేరుతుంది. 2010లో జమ్మూ వాళ్లే ఇంకోటి చూపించారు, టీబీ క్రిమికి కూడా మందుని బయటికి పంప్ చేసే ప్రోటీన్ ఒకటుంది, ఆర్‌వీ1258సీ అంటారు, పైపరిన్ దాన్ని కూడా మూసేస్తుంది. మిరియం తానుగా టీబీని చంపదు, పక్కనున్న మందుకి చేయూతనిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. 10 మిల్లీగ్రాములంటే నాలుగైదు మిరియపు గింజల్లో ఉండేంత. కాబట్టి "పాలల్లో వేసుకుంటే చాలు" అనిపిస్తుంది. కానీ ఏ గింజలో ఎంతుందో నీకు తెలీదు, ఎప్పుడు తాగావు, ఖాళీ కడుపా కాదా, షుగర్ మందు, బీపీ మందు వేసుకునేవాళ్లయితే వాటి మోతాదు కూడా రక్తంలో పెరుగుతుంది. డోస్ తగ్గించడం ఫ్యాక్టరీలో తూకం వేసి, మనుషుల మీద రక్తం తీసి కొలిచి చేసిన పని, వంటింట్లో చేసేది కాదు. పైగా ఇప్పుడు ప్రపంచమంతా రిఫాంపిసిన్ తగ్గించడం కాదు, పెంచితే త్వరగా నయమవుతుందా అని ట్రయల్స్ చేస్తోంది. జాతీయ టీబీ కార్యక్రమంలో ఆ టాబ్లెట్ లేదు కూడా.

వాసా_బీఏఎంఎస్ (ఎస్ఆర్ నగర్)
నేను ఆయుర్వేదం చదివినవాణ్ణే. బేగంబజార్ పొడిని నేను కూడా ఒప్పుకోను సార్, టీబీ లాంటి జబ్బు గురించి రాజయక్ష్మ అని మా శాస్త్రంలో ఎంతున్నా ఇవాళ కఫంలో టీబీ క్రిమి కనబడ్డ మనిషిని నేను ముందు డాట్స్ సెంటర్‌కే పంపిస్తా. కానీ అడ్డసరాన్ని తీసిపారేయకండి. దాంట్లో వాసిసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది, దాన్ని మార్చి మార్చి జర్మనీలో బోరింగర్ ఇంగెల్‌హైమ్ వాళ్లు తయారుచేసిందే బ్రోమ్‌హెక్సిన్, 1963 నుంచి అమ్ముతున్నారు. బ్రోమ్‌హెక్సిన్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఆంబ్రాక్సాల్. ఇవాళ మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపులో ఉన్న దగ్గు సిరప్ వెనక చిన్న అక్షరాల్లో చూడండి, ఈ రెంటిలో ఒకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మా పెరట్లో గేదె కూడా ముట్టని చేదాకు, దాని మనవడు ప్రతి ఇంట్లో ఉన్నాడు, కానీ తాత పేరు ఎవరికీ తెలీదు.

టీబీ విషయానికొస్తే, 1996లో బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్ రెండూ టీబీ క్రిమి పెరుగుదలని ఆపుతాయని పేపర్ వచ్చింది, మీడియం పీహెచ్‌ని బట్టి ఫలితం మారుతుంది. తర్వాత ఎలుకల్లో ఆంబ్రాక్సాల్ రిఫాంపిసిన్‌కి తోడుగా పనిచేస్తుందని కూడా చూశారు. మనుషుల్లో టీబీ మందుగా ఇంకా రాలేదు, అది నేనూ ఒప్పుకుంటా.

ఒక హెచ్చరిక మాత్రం, గర్భిణులకి అడ్డసరం వద్దు, వాసిసిన్ గర్భాశయాన్ని బిగించేలా చేస్తుంది. "ఆకులేగా" అని ఇచ్చేవాళ్లని చూస్తే నాకే ఒళ్లు మండుతుంది.

మైక్రో_అక్క (గచ్చిబౌలి)
సాక్స్‌లెట్ తమ్ముడూ, మీ స్మెగ్మాటిస్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను మాట్లాడతా. అది మూడు గంటలకోసారి రెట్టింపవుతుంది, అసలు టీబీ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది, ఎల్‌జే మీడియం మీద కాలనీ కంటికి కనబడాలంటే వారాలకి వారాలు కూర్చోవాలి. స్మెగ్మాటిస్ ఐసోనియజిడ్‌కే సరిగా లొంగదు తెలుసా. ఇవాళ మనం స్మెగ్మాటిస్ మీద మాత్రమే స్క్రీనింగ్ చేసుంటే ఐసోనియజిడ్‌ని చెత్తబుట్టలో పడేసేవాళ్లం. కాబట్టి నీ దగ్గర నెగటివ్ వచ్చింది కదా అని నేలవేముని తీసిపారేయకు, పాజిటివ్ వచ్చింది కదా అని ఎగరకు. థీసిస్‌లో "మైకోబ్యాక్టీరియా మీద" అని రాయి, "టీబీ మీద" అని రాయకు. బీఎస్ఎల్-3 ఉన్న చోట ఎవరితోనైనా కొలాబరేషన్ కుదిరితే చివరి రెండు ఫ్రాక్షన్లు (విడదీసిన భాగాలు) మాత్రం హెచ్37ఆర్‌వీ మీద చేయించుకో, మొత్తం పంపిస్తే ఎవరూ చేయరు.

ఇక ఎందుకు ఆగిపోతుందంటే, క్రిమి చుట్టూ మైకోలిక్ ఆసిడ్‌తో మైనం కోట ఉంటుంది, అది దాటాలి. అది దాటినా క్రిమి ఉండేది మన మాక్రోఫేజ్ కణం లోపల, ఆ కణం గోడ దాటాలి. ఆ కణాలన్నీ గడ్డకట్టి మధ్యలో జున్నులా చచ్చిన కండ ఉంటుంది, అక్కడ రక్తనాళమే ఉండదు, అక్కడికి చేరాలి. ప్లేట్‌లో ఈ మూడూ లేవు, క్రిమి నీళ్లలో ఈదుతోంది, నీ మందు నేరుగా దాని నెత్తిన పడుతోంది.

ట్రిప్టాంత్రిన్ చూడండి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల్లో కూడా ఉంటుంది అది. టీబీ మీద ఎంఐసీ మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రాము దగ్గర, అంటే పాత_కాలమ్ సార్ గీసిన గీత కంటే చాలా లోపల. కానీ నీళ్లలో కరగదు, 1990ల నుంచి దాన్ని సవరిస్తూనే ఉన్నారు, ఇంకా మందు కాలేదు. ఇలాంటిదే కలనోలైడ్ ఎ, మన పొన్న చెట్టు జాతిదే, మలేషియా సరవాక్ అడవిలో దొరికింది, హెచ్ఐవీ మీదా టీబీ మీదా రెంటి మీదా పనిచేస్తుంది. మొదటిసారి ఆకు కోసిన చెట్టు కోసం మళ్లీ వెళ్తే చెట్టు కొట్టేసి ఉంది! పక్క చెట్లలో ఆ పదార్థం దొరకలేదు. అందుకే తమ్ముడూ, నువ్వు ఆకు ఎక్కడ కోశావో, ఏ నెలలో కోశావో రాసిపెట్టుకో, ఇది సిల్లీగా అనిపిస్తుంది కానీ కాదు.

డిచ్‌పల్లి_పోరడు (నిజామాబాద్ నుంచి వచ్చి ఈసీఐఎల్‌ల ఉంటున్న)
టీబీ గాదు గానీ దాని అన్న లాంటి కుష్టు క్రిమి మీద చెట్టు మందు నిజంగనే వాడిన్రు. మా ఊరి దవాఖాన 1915ల మొదలైంది, ఇసబెల్ కెర్ దొరసాని పెట్టింది, అక్కడ చాల్‌మూగ్రా గింజల నూనె సూదులు ఇచ్చెటోళ్లు. మస్తు నొప్పి ఉండేదంట, నూనె తోలు కింద గడ్డలు కట్టేదంట, మా ముసలోళ్లు చెప్తుంటరు. గదే ఏడు హవాయిల ఆలిస్ బాల్ అని ఒక నల్లజాతి అమ్మాయి, ఇర్వై మూడేండ్ల కెమిస్టు, ఆ నూనెను ఎస్టర్లుగ మార్చి నెత్తురుల కలిసేటట్టు చేసింది. 1940లల్ల సల్ఫోన్ మందులు వచ్చేదాంక గదే దిక్కు. అంటే చెట్టుల ఉన్నది మందు అయ్యేటందుకు కెమిస్టు చెయ్యి వడాలె, గంతే నాకు తెల్సింది.

వంద_రూపాయల_నోబెల్ (మెహిదీపట్నం)
మొక్కలకి టీబీతో పనేంటి అసలు? రిఫాంపిసిన్ మూలం మట్టిలో బ్యాక్టీరియా, ఫ్రాన్స్ సముద్రతీరం మట్టి నుంచి 1957లో దొరికింది. స్ట్రెప్టోమైసిన్ 1943, అదీ మట్టి బ్యాక్టీరియానే. మట్టిలో క్రిములు క్రిములతో కొట్టుకుంటాయి కాబట్టి ఆయుధాలు అక్కడుంటాయి. మొక్క పోరాడేది పురుగులతో, బూజుతో. తప్పు చోట వెతుకుతూ గ్రాంటు డబ్బులు తగలేస్తున్నారని నా అభిప్రాయం.

పాత_కాలమ్ (తార్నాక)
సగం ఒప్పుకుంటా. కానీ వంశవృక్షం చూడు. విల్లో చెట్టు బెరడు నుంచి సాలిసిలిక్ ఆసిడ్ వచ్చింది. 1940లో బెర్న్‌హైమ్ అనే ఆయన సాలిసిలేట్ ఇస్తే టీబీ క్రిమి ఆక్సిజన్ ఎక్కువ పీలుస్తోందని గమనించాడు. స్వీడన్‌లో లేమన్ "దాన్ని ఇష్టంగా తింటోందంటే, కాస్త మార్చి పెడితే గొంతులో అడ్డం పడుతుంది" అని ఊహించి పాస్ తయారుచేయించాడు, అదే పారా అమైనో సాలిసిలిక్ ఆసిడ్, మందులకి లొంగని టీబీలో నిన్న మొన్నటిదాకా వాడారు. సింకోనా బెరడులో క్వినైన్, దాన్ని చూసి క్లోరోక్విన్, క్లోరోక్విన్ తయారుచేస్తుంటే పక్కన మిగిలిన ముక్క నుంచి 1962లో నాలిడిక్సిక్ ఆసిడ్, దాని వారసులే లీవోఫ్లాక్ససిన్, మాక్సీఫ్లాక్ససిన్, ఇవాళ మొండి టీబీకి ముందు వరసలో ఉన్నవి. చెట్టు నుంచి నేరుగా రాలేదు, చెట్టు లేకుండానూ రాలేదు.

మైక్రో_అక్క (గచ్చిబౌలి)
నోబెల్ గారూ, చంపే మందు కోసం మొక్కల్లో వెతకడం దండగ అనండి, కొంతవరకు ఊ అంటా. కానీ క్రిమి పంప్‌ని మూసే పదార్థాల కోసం వెతకడం దండగ కాదు. పైపరిన్ చెప్పారు కదా, సర్పగంధిలో రెసర్పిన్ కూడా మైకోబ్యాక్టీరియా పంపుల్ని మూస్తుంది, కాకపోతే ఆ పనికి కావాల్సిన మోతాదులో బీపీ పాతాళానికి పోతుంది. నేనైతే ప్రతి ఎక్స్‌ట్రాక్ట్‌నీ విడిగా ఒకసారి, చాలీచాలని రిఫాంపిసిన్‌తో కలిపి ఒకసారి టెస్ట్ చేస్తా. విడిగా ఏమీ చేయనిది కలిస్తే రిఫాంపిసిన్ ఎంఐసీని నాలుగో వంతుకి దించిందనుకో, అసలు కథ అక్కడుంది. చాలామంది ఈ రెండో వరస పెట్టనే పెట్టరు.

సాక్స్‌లెట్_కష్టాలు (ఉప్పల్)
అక్కా, సార్, చాలా థ్యాంక్స్. పాలిఅమైడ్ మా డిపార్ట్‌మెంట్‌లో లేదు, ఇండెంట్ పెడితే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అందాకా కాలనీలు లెక్కపెట్టడమే చేస్తా. రిఫాంపిసిన్‌తో కలిపే వరస గైడ్ గారికి చెప్తే "నీ సినాప్సిస్‌లో లేదు కదా" అన్నారు, తర్వాత పర్లేదు పెట్టు అన్నారు. ఒక డౌట్, రిఫాంపిసిన్ కూడా ఎర్రగా ఉంటుంది కదా, అది రంగుని పాడుచేయదా?

మైక్రో_అక్క (గచ్చిబౌలి)
నువ్వు వాడే మోతాదు మైక్రోగ్రాముల్లో, ఆ పలచనలో రంగు కంటికి ఆనదు. స్టాక్ మాత్రం డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలిపి వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు. ప్లేట్‌లో డీఎంఎస్ఓ ఒక శాతం దాటనివ్వకు, ఒట్టి డీఎంఎస్ఓ కంట్రోల్ ఒక వరస తప్పనిసరి.

ఆటోనగర్_షాపు (వనస్థలిపురం)
డాక్టర్ మేడమ్, మీరు రాసింది చిన్నాయనకు సదివి ఇనిపిచ్చిన. ఎరుపు మందు రంగే అంటె కొంచెం నిమ్మళమైండు. పొడి ఆయనకు వాపస్ ఇచ్చినం, పైసలు ఇయ్యలే, పోనీ. బ్యాంకుల పైసలు వడలేదు, ఆధార్ లింక్ గాలేదంట, రేపు వోతున్న. ఇంకోటి అడగాలె, గోలీలతోని కాళ్లు తిమ్మిరి వడుతున్నయ్ అంటుండు, ఇది గూడ మందు గుణమేనా?

ఛాతీ_డాక్టర్ (నల్లకుంట)
ఐసోనియజిడ్ బి6 విటమిన్‌ని తగ్గిస్తుంది, దానివల్ల తిమ్మిరి వస్తుంది. పైరిడాక్సిన్ అని చిన్న గోలీ ఇచ్చుంటారు, వేసుకుంటున్నారో లేదో చూడండి, చాలామంది అది బలం మాత్ర అని పక్కన పెట్టేస్తారు. ఇవ్వకపోయుంటే రేపు ఎలాగూ వెళ్తున్నారుగా, అడిగి తీసుకోండి. ఆయనకి షుగర్ ఉందా, మందు తాగే అలవాటుందా అది కూడా అక్కడ చెప్పండి, తిమ్మిరికి అవి కూడా కారణం అవుతాయి.